డాక్యుమెంట్ల పైన పెట్టే కవరింగ్ లెటర్‌లో అసలు ఏం రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఆఫీసులో చేరి నాలుగు నెలలైంది. కొటేషన్లు, అగ్రిమెంటు కాపీలు, రిపోర్టులు బయటికి వెళ్లేటప్పుడల్లా మేనేజర్ "పైన ఒక కవరింగ్ లెటర్ పెట్టు" అంటున్నారు. వెతికితే ఉద్యోగ దరఖాస్తుకు జతచేసే లెటర్లే కనిపిస్తున్నాయి తప్ప ఈ రకం దొరకడం లేదు. చెప్పాల్సిందంతా లోపలి డాక్యుమెంట్‌లోనే ఉన్నప్పుడు పైన మళ్లీ ఏం రాయాలి, ఎంత రాయాలి, ఈమెయిల్‌లో పంపినా ఇది అవసరమా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. కవరు విప్పిన మనిషి మీకు ఫోన్ చేయాల్సిన అవసరం లేకుండా తన పని తాను చేసుకోగలిగేంత రాయండి. అంతకు మించి ఒక్క వాక్యం వద్దు. ఏం పంపుతున్నారు, ఎందుకు పంపుతున్నారు, అందాక వాళ్లు ఏం చేయాలి, ఎప్పటిలోగా చేయాలి. చాలావాటికి అర పేజీ చాలు. ఈమెయిల్‌లో పంపినా కావాలి. అక్కడ మెయిల్‌లో రాసే నాలుగు ముక్కలే కవరింగ్ లెటర్.

ఇక వివరంగా. నేను 22 ఏళ్లుగా ఈ కాగితాల మధ్యే ఉన్నాను. డిస్పాచ్ సెక్షన్‌లో మొదలుపెట్టి, ఎగుమతి డాక్యుమెంట్లు చూసి, ఇప్పుడు టెండర్లు, కాంట్రాక్టుల పని చూస్తున్నాను. నేను రాసిన లెటర్లకంటే బయటి నుంచి వస్తే విప్పి చదివినవే ఎక్కువ. నేర్చుకున్నది కూడా వాటి నుంచే.

లెటర్ ఎవరి పేరు మీద రాస్తామో ఆయన చాలాసార్లు దాన్ని చదవరు. ముందుగా చదివేది ఇన్‌వర్డ్ దగ్గర, అంటే బయటి నుంచి వచ్చే కవర్లు తీసుకునే చోట, కూర్చున్న మనిషి. ఆ బల్ల దగ్గర నేనూ రెండేళ్లు కూర్చున్నాను కాబట్టి అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను. పొద్దున పది దాటేసరికి కవర్ల కట్ట వస్తుంది. కవరు అంచు చింపడం, కాగితాలు బయటికి తీయడం, క్లిప్పు పీకి పక్కన పెట్టడం, పైకాగితం మీద తేదీ ముద్ర వేయడం, రిజిస్టర్‌లో నంబరు ఎక్కించడం. ఒక్కో కవరుకు అర నిమిషం దొరికితే ఎక్కువ. ఆ అర నిమిషంలో అతను తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఇది ఏ టేబుల్‌కి వెళ్లాలి? అతను చూసేది "విషయం" అన్న లైను మాత్రమే. అక్కడ "పత్రాలు పంపుట గురించి" అని ఉంటే అతనికి ఏం తెలుస్తుంది? వచ్చినవన్నీ పత్రాలే కదా. ఆ కవరు "తరవాత చూద్దాం" అన్న ట్రేలోకి పోతుంది. అక్కడ మూడు రోజులు పడుకుంటుంది. ఇటు మీరు "పంపించి వారమైంది, ఉలుకూ పలుకూ లేదు" అని టెన్షన్ పడుతుంటారు.

రెండోసారి దాన్ని శ్రద్ధగా చదివే మనిషి ఇంకా పుట్టి ఉండకపోవచ్చు! హాస్యానికి అన్నాను గానీ, నిజంగానే మూడు నాలుగేళ్ల తరవాత ఏదో తేడా వచ్చినప్పుడు ఆడిటరో, లాయరో, మీ సీట్లోకి వచ్చిన కొత్త ఉద్యోగో ఫైలు తెరిచి "ఆ రోజు ఏం పంపారు? ఎన్ని పంపారు? ఏ వెర్షన్ పంపారు?" అని వెతుకుతారు. అప్పటికి మీరుండరు, ఫోనులో మాట్లాడుకున్నవి ఎవరికీ గుర్తుండవు. ఫైల్లో మిగిలేది ఆ అర పేజీయే. నేను లెటర్ రాసేటప్పుడు ఈ ఇద్దరినే మనసులో పెట్టుకుంటాను. పైన పేరున్న పెద్దమనిషికి గౌరవ సంబోధన దక్కితే చాలు.

ఇప్పుడు ఒక నమూనా చూద్దాం. సాధారణంగా నా టేబుల్ మీదికి వచ్చేది ఇలా ఉంటుంది:

"విషయం: పత్రాలు పంపుట గురించి. అయ్యా, మా సంస్థ గత అనేక సంవత్సరాలుగా నాణ్యమైన సేవలకు పేరుపొందినదని తమకు విదితమే. పై విషయమునకు సంబంధించి తమరితో జరిగిన సంభాషణ మేరకు సంబంధిత పత్రములు ఇందువెంట జతపరచడమైనది. కావున తమరు పరిశీలించి తగు చర్య తీసుకొనగలరని ప్రార్థన."

ఏ సంభాషణ? ఎవరితో? ఏ పత్రాలు? ఎన్ని? ఏం చర్య? నాలుగు వాక్యాల్లో ఒక్క సమాచారం లేదు. ఇదే కవరు నేను పంపితే ఇలా రాస్తాను:

"విషయం: నిర్వహణ ఒప్పందం నం. 114 – మీ సంతకం కోసం 2 ప్రతులు

సూచిక: మీ 24 ఫిబ్రవరి 2025 నాటి ఈమెయిల్

మీరు ఈమెయిల్‌లో కోరిన రెండు సవరణలు (క్లాజు 6, క్లాజు 11) చేర్చిన తుది ఒప్పందాన్ని పంపుతున్నాం. మా వైపు సంతకాలు పూర్తయ్యాయి.

రెండు ప్రతుల్లోనూ ప్రతి పేజీ అడుగున, అలాగే 14వ పేజీలో మీ పేరు దగ్గర సంతకం చేసి, ఒకటి మీ వద్ద ఉంచుకుని, రెండోది 17 మార్చి 2025 లోగా మాకు తిరిగి పంపండి.

జత:
1. ఒప్పందం నం. 114, ఒరిజినల్ – 2 ప్రతులు, ఒక్కొక్కటి 14 పేజీలు
2. అనుబంధం–ఎ, ధరల పట్టిక – 2 ప్రతులు, ఒక్కొక్కటి 3 పేజీలు
3. సంతకం చేసే అధికారం ఇస్తూ చేసిన బోర్డు తీర్మానం, ధ్రువీకరించిన నకలు – 1 ప్రతి, 1 పేజీ"

కింద సంతకం, పేరు, హోదా, నేరుగా దొరికే ఫోన్ నంబరు. అంతే. పొగడ్త లేదు, ప్రార్థన లేదు. అయినా దీన్ని అమర్యాద అని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఎదుటివాళ్ల సమయం తినకపోవడమే పెద్ద మర్యాద అని నా లెక్క. మీ ఆఫీసులో "తమరు", "గలరు" అని రాసే అలవాటు ఉంటే రాసుకోండి, దానితో నాకు పేచీ లేదు. ఆ మాటల చాటున అసలు విషయం తప్పిపోకుండా చూసుకుంటే చాలు.

"ఒకటి మీ వద్ద ఉంచుకుని, రెండోది తిరిగి పంపండి" అన్న ముక్క చూశారా? అది నాకు ఒక దెబ్బ తగిలాక అలవాటైంది. పనిలో చేరిన కొత్తలో ఒక సరఫరా ఒప్పందం రెండు ప్రతులు "సంతకం నిమిత్తం" అని మాత్రం రాసి పంపాను. అటువైపు వాళ్లు బుద్ధిగా రెండింటి మీదా సంతకాలు చేసి, రెండింటినీ తమ ఫైల్లో పెట్టుకున్నారు. మనం తిరిగి పంపమని ఎక్కడా అడగలేదు కదా! వాళ్ల తప్పేమీ లేదు. ఆర్నెల్ల తరవాత మా వైపు ఒరిజినల్ అవసరమైనప్పుడు చూస్తే మా దగ్గర ఉన్నది సంతకాల్లేని డ్రాఫ్టు. అటు మనుషులు మారిపోయారు, ఫైలు వేరే చోటికి వెళ్లింది. ఒక్క వాక్యం రాయనందుకు నెల రోజులు ఫోన్లు చేశాను.

అందుకే "తగు చర్య నిమిత్తం" అన్న మాటను పూర్తిగా మానేయండి. సంతకం కోసమా, ఆమోదం కోసమా, అభిప్రాయం కోసమా, చెల్లింపు కోసమా, ఊరికే సమాచారం కోసమా? వీటిలో ఏదో ఒకటి పేరుపెట్టి చెప్పాలి. ఇంజనీరింగ్ పనుల్లో డ్రాయింగులు పంపేటప్పుడు ట్రాన్స్‌మిటల్ అని ఒక ఫారం వాడతారు. "ఆమోదానికి", "పరిశీలించి అభిప్రాయం చెప్పడానికి", "సమాచారానికి", "నిర్మాణానికి" అని దాని మీద గళ్లు ఉంటాయి, ఒకదానికి టిక్ పెట్టాలి. ఎందుకంటే సమాచారానికని పంపిన డ్రాయింగ్ పట్టుకుని ఎవరైనా కాంక్రీటు పోసేస్తే ఇక చేసేదేం లేదు. మనం రాసే మామూలు లెటర్‌లో ఆ గళ్లు ఉండవు కాబట్టి ఆ టిక్ మాటల్లో పెట్టాలి.

గడువు కూడా అంతే. "వీలైనంత త్వరగా" అంటే ఎవరి వీలు? తేదీ రాయండి. ఆ తేదీ ఎందుకో ఒక్క ముక్క చేర్చగలిగితే ఇంకా మంచిది: "20న మా బోర్డు సమావేశం ఉంది కాబట్టి 17 లోగా". కారణం తెలిసిన గడువుకు జనం విలువ ఇస్తారు, ఇది నేను చాలాసార్లు గమనించాను. తేదీలో నెలను అక్షరాల్లో రాయండి. 03/04 అంటే కొందరికి ఏప్రిల్ 3, ఇంకొందరికి మార్చి 4. ఈ గందరగోళం లేకుండా సంవత్సరం, నెల, రోజు అనే వరసలో రాయమని ఐఎస్‌ఓ 8601 ప్రమాణం చెబుతుంది గానీ, లెటర్‌లో నెల పేరు రాస్తే ఏ ప్రమాణంతోనూ పని లేదు.

ఇప్పుడు జత జాబితా గురించి. నన్నడిగితే లెటర్ మొత్తంలో విలువైన భాగం అదే, జనం తేలిగ్గా తీసుకునేదీ అదే. "జత: పైన చెప్పినవి" అని రాసి వదిలేస్తారు. నేను పాటించే పద్ధతి చెబుతాను. లెటర్‌ని చివర్లో రాస్తాను. ముందు పంపాల్సినవన్నీ ప్రింటు తీసి టేబుల్ మీద వరసగా పరుస్తాను. ఒక్కోటి చేతిలోకి తీసుకుని పేజీలు లెక్కపెడతాను. ఏ వరసలో కవర్లోకి వెళ్తాయో ఆ వరసలోనే జాబితా రాస్తాను: పేరు, నంబరు, తేదీ, వెర్షన్, ఒరిజినలా నకలా, ఎన్ని ప్రతులు, ఎన్ని పేజీలు. లెటర్ ప్రింటు తీశాక జాబితా చదువుకుంటూ ఒక్కో కాగితం మీద వేలు పెట్టి మళ్లీ సరిచూసి, అప్పుడు కవర్లో పెడతాను. మూత అంటించడానికి ముందు ఎవరైనా "సార్, ఇదొకటి కూడా" అని ఇంకో కాగితం తెస్తే లెటర్ మళ్లీ ప్రింటు తీస్తాను తప్ప పెన్నుతో చేర్చను. చాదస్తం అంటారు మా వాళ్లు. అననివ్వండి.

ఆ చాదస్తం వెనకా ఒక కథ ఉంది. ఒకసారి జాబితాలో ఏడు రాసి కవర్లో ఆరే పెట్టాం. జనరేటర్ టెస్టు రిపోర్టు ఫోటోకాపీ మెషిన్ మీదే ఉండిపోయింది. అటు ఇన్‌వర్డ్‌లో ఉన్నాయన మహా జాగ్రత్తపరుడు. అందినట్టు ఇచ్చే కాపీ మీద ముద్ర వేసి పక్కన "6 మాత్రమే అందినవి, వరస నం. 5 లేదు" అని ఎర్ర ఇంకుతో రాసి పంపాడు. నాకు సిగ్గేసింది గానీ, ఆ రోజే కాపీ పంపడంతో ముప్పు తప్పింది. అదే జాబితా లేకుండా పంపి ఉంటే? ఆ రిపోర్టు లేదని బయటపడేది గడువు దాటాకే. అప్పుడు "మేం పంపాం", "మాకు అందలేదు" అని రెండు వైపులా ప్రమాణాలు చేసుకునేవాళ్లం. జాబితా మన పొరపాటునూ బయటపెడుతుంది, అది దాని గుణమే.

సవరించిన డాక్యుమెంట్ పంపేటప్పుడు ఇంకో జాగ్రత్త. కొత్తది పంపుతున్నాం అంటే సరిపోదు. ఏది రద్దవుతోందో, ఏం మారిందో రాయాలి. "ఇది 5 మే నాటి కొటేషన్ స్థానంలో పంపుతున్నది. మార్పులు: 3వ వస్తువు పరిమాణం 40 నుంచి 60కి పెరిగింది, డెలివరీ 6 వారాల నుంచి 8 వారాలకు మారింది. మిగతా షరతుల్లో మార్పు లేదు. పాత ప్రతిని దయచేసి వాడకండి." ఈ నాలుగు వాక్యాలు లేకపోతే అటువైపు ఫైల్లో రెండు కొటేషన్లూ పక్కపక్కనే కూర్చుంటాయి. కొనుగోలు విభాగం పాతదాన్ని బట్టి ఆర్డరు వేస్తుంది, స్టోర్స్ వాళ్లు కొత్తదాన్ని బట్టి ఎదురుచూస్తారు. అయితే "మిగతా షరతుల్లో మార్పు లేదు" అని రాసేముందు నిజంగా రెండు ప్రతులూ పక్కన పెట్టి పోల్చండి. నేను పోల్చకుండా రాసి ఒకసారి పట్టుబడ్డాను. వారంటీ క్లాజు మారిన సంగతి మా డిజైన్ వాళ్లు నాకు చెప్పలేదు. చెప్పలేదు సరే, సంతకం నాది కదా.

ఇక రాయకూడని వాటి సంగతి. నాకు ఎక్కువ భయం ఇక్కడే.

కవరింగ్ లెటర్‌లో కొత్త మాట ఇవ్వకండి, కొత్త షరతు పెట్టకండి. లోపలి డాక్యుమెంట్‌ని నలుగురు చూస్తారు, లీగల్ వాళ్లు చూస్తారు, ఫైనాన్స్ వాళ్లు చూస్తారు. పైన పెట్టే లెటర్ మాత్రం ఆఖరి గంటలో ఒక్కరు కూర్చుని రాసేస్తారు. అందులో చనువుగా రాసిన ఒక వాక్యం ఎంత పని చేస్తుందో చెబుతాను. మేం వేసిన ఒక టెండర్‌కి కవరింగ్ లెటర్ రాసిన మా సహోద్యోగి చివర "అడ్వాన్సు చెల్లించినట్లయితే నిర్ణీత గడువుకంటే ముందే సరఫరా చేయగలము" అని చేర్చాడు. మంచి ఉద్దేశమే. అయితే ఆ టెండర్‌లో అడ్వాన్సు ప్రసక్తే లేదు. తెరిచినవాళ్లు దాన్ని షరతుతో కూడిన బిడ్ (టెండర్‌కి మనమిచ్చే ఆఫర్) కింద లెక్కగట్టి పక్కన పెట్టేశారు. ధర మాదే తక్కువ. లోపల ఎనభై పేజీలూ సక్రమంగానే ఉన్నాయి, పైన ఉన్న ఒక్క వాక్యం ముంచింది.

టెండర్లలో ఇంకో విషయం. కొన్నిచోట్ల బిడ్ లెటర్ నమూనాను వాళ్లే ఇస్తారు. ప్రపంచ బ్యాంకు ప్రామాణిక బిడ్డింగ్ డాక్యుమెంట్లలో ఇలాంటి ఫారం ఉంటుంది, దాని పాఠాన్ని మార్చకుండా నింపాలని అక్కడే రాసి ఉంటుంది. ఆ లెటర్ పైన అలంకారానికి పెట్టేది అనుకోకూడదు, మన ఆఫర్‌లో అదే ముఖ్యమైన కాగితం. ధర, బిడ్ ఎన్ని రోజులు చెల్లుతుంది, సంతకం చేసే అధికారం ఎవరిది అన్నవన్నీ అందులోనే ఉంటాయి. అక్కడ మీ భాషా ప్రావీణ్యం చూపించకండి. ఇచ్చిన ఖాళీలు నింపి సంతకం పెట్టడమే.

అంకెల సంగతి కూడా ఇలాంటిదే. లోపల ఉన్న మొత్తాన్ని పైన మళ్లీ రాస్తే, రెండుచోట్లా ఒకటే ఉండాలి. ఆఖరి క్షణంలో కొటేషన్‌లో ధర మారుతుంది, లెటర్‌లో పాత అంకె మిగిలిపోతుంది. అందుకని నేను అవసరమైతే తప్ప అంకె రాయను. "ధర కొటేషన్ 2వ పేజీలో ఉంది" అని చూపించి ఊరుకుంటాను.

బ్యాంకుకు పంపే ఎగుమతి డాక్యుమెంట్ల దగ్గర లెటర్ పాత్రే మారిపోతుంది. మీకు ఇప్పుడు అవసరం లేకపోవచ్చు, కానీ కవరింగ్ లెటర్ ఎంత బరువు మోయగలదో తెలియడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. కొనుగోలుదారు నుంచి డబ్బు వసూలు చేసి పెట్టమని బ్యాంకు ద్వారా డాక్యుమెంట్లు పంపే పద్ధతి ఉంది. అంతర్జాతీయ వాణిజ్య మండలి దీనికి యూఆర్‌సీ 522 అనే నియమాలు పెట్టింది, 1996 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం డాక్యుమెంట్లతో పాటు కలెక్షన్ ఇన్‌స్ట్రక్షన్ అనే కాగితం తప్పక ఉండాలి. బ్యాంకు ఆ కాగితంలో రాసిన ప్రకారమే నడుచుకుంటుంది. ఏం చేయాలో తెలుసుకోవడానికి లోపలి డాక్యుమెంట్లు తిరగేసి చూడదు. "ఇన్‌వాయిస్‌లో రాశాం కదా" అంటే కుదరదు.

ఇక్కడే నేను నా ఉద్యోగంలో పెద్ద తప్పు చేశాను. 90 రోజుల గడువున్న బిల్లు, అంటే ఆ గడువు తీరాక డబ్బు కట్టమని కొనుగోలుదారు మీద రాసే పత్రం. కొనుగోలుదారు బిల్లును అంగీకరిస్తూ సంతకం చేస్తే చాలు, డాక్యుమెంట్లు ఇచ్చేయొచ్చని మా మధ్య ఒప్పందం. కానీ బ్యాంకుకిచ్చిన కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలేశాం. దాన్ని నింపింది కొత్త కుర్రాడే, ఇనీషియల్ వేసింది మాత్రం నేను. గడువు బిల్లు విషయంలో ఏదీ చెప్పకపోతే డబ్బు కట్టాకే డాక్యుమెంట్లు ఇవ్వాలని, దానివల్ల అయ్యే ఆలస్యానికి బ్యాంకు బాధ్యత వహించదని ఆ నియమాల్లోనే ఉంది. బ్యాంకు వాళ్లు రూలు ప్రకారం డాక్యుమెంట్లు పట్టుకుని కూర్చున్నారు. సరుకు రేవులో దిగింది. కొనుగోలుదారు చేతిలో బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) లేదు కాబట్టి విడిపించుకోలేడు. రోజులు గడిచేకొద్దీ డెమరేజి, అంటే సరుకు రేవులో పడి ఉన్నందుకు కట్టాల్సిన రుసుము, పెరిగింది. మేం సవరణ పంపి సరిచేసేసరికి ఆ కొనుగోలుదారుతో సంబంధమే చెడింది. ఒక్క టిక్!

లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ) కింద, అంటే సరైన డాక్యుమెంట్లు ఇస్తే డబ్బు చెల్లిస్తానని కొనుగోలుదారు తరఫున బ్యాంకు ఇచ్చే హామీ కింద, పంపేవి వేరే తరహా. వాటికి 2007 జులై 1 నుంచి యూసీపీ 600 నియమాలు వర్తిస్తున్నాయి. బ్యాంకు తనకు అందిన డాక్యుమెంట్లు ఎల్‌సీకి తగ్గట్టున్నాయో లేదో చూడటానికి అందిన మర్నాటి నుంచి గరిష్ఠంగా 5 బ్యాంకు పనిదినాలు తీసుకోవచ్చు. చూసేది డాక్యుమెంట్లను మాత్రమే. "ఈ చిన్న తేడాను పట్టించుకోకండి" అని మీరు కవరింగ్ లెటర్‌లో ఎంత అందంగా రాసినా ఆ తేడా తేడాగానే ఉంటుంది. అడగని డాక్యుమెంట్ అదనంగా పెడితే దాన్ని లెక్కలోకి తీసుకోరు, వెనక్కి పంపేసినా పంపేయొచ్చు. అందుకని అక్కడ లెటర్ పని ఒక్కటే: ఎల్‌సీ నంబరు, డాక్యుమెంట్ల పేర్లు, ఒక్కోదానికి ఎన్ని ఒరిజినల్స్, ఎన్ని నకళ్లు. బిల్ ఆఫ్ లేడింగ్ మూడు ఒరిజినల్స్‌గా జారీ అయితే మూడూ ఉన్నాయని అంకెతో రాయాలి. అలాగే సరుకు ఓడకెక్కాక 21 రోజుల్లోగా, ఎల్‌సీ గడువు ముగియకముందే డాక్యుమెంట్లు సమర్పించాలి కాబట్టి, లెటర్ మీద బ్యాంకు వేసే అందిన తేదీ ముద్ర చాలా విలువైనది.

రిపోర్టులు పంపడం గురించి కూడా అడిగారు. పెద్ద రిపోర్టుకు లెటర్ విడిగా పోకుండా, శీర్షిక పేజీ తరవాత లోపలే కుట్టేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. అందులో ఈ రిపోర్టు ఎవరు అడిగారు, ఏ తేదీన, ఏ పరిధిలో అన్నది రాసి, పరిధిలోకి రానిది ఏమైనా ఉంటే అదీ చెప్పాలి. సారాంశాన్ని మళ్లీ ఇక్కడ రాయకండి, దానికి వేరే పేజీ ఉంది. అయితే లోపల ఇబ్బందికరమైన విషయం ఉంటే దాన్ని దాచిపెట్టి "రిపోర్టు జతచేశాం, పరిశీలించండి" అనడం నాకు నచ్చదు. "12వ పేజీలోని రెండో అంశం మీద మీ నిర్ణయం వచ్చేదాకా తరవాతి దశ మొదలుపెట్టలేం" అని ఒక వాక్యం పైనే రాసేయండి. చేదు విషయం ముందే తెలిస్తే మనుషులు కోప్పడతారేమో గానీ, అరవై పేజీలు తిరగేశాక దొరికితే మోసపోయామనుకుంటారు.

ఈమెయిల్ విషయానికి వద్దాం. మెయిల్‌లో "దయచేసి జత చూడండి" అని ఒక్క లైను రాసి పీడీఎఫ్ పడేయడం అందరికీ అలవాటైపోయింది. ఇన్‌వర్డ్ బల్ల దగ్గర చెప్పిన అర నిమిషం ఇక్కడా ఉంది, కాకపోతే ఇక్కడ అది ఐదు సెకన్లు. మెయిల్ బాడీలోనే లెటర్ రాయండి. ఉత్త సబ్జెక్టు లైను చూసి విషయం తెలియాలి. పాత మెయిల్‌కి రిప్లయ్ కొట్టి సంబంధం లేని డాక్యుమెంట్ పంపకండి, రేపు వెతికితే దొరకదు. సంతకం చేసి ముద్ర వేసిన లెటర్ కావాలంటే దాన్ని మొదటి అటాచ్‌మెంట్‌గా పెట్టి, బాడీలో ముఖ్యమైన రెండు వాక్యాలు మళ్లీ రాయండి. ఫోన్లో చూసేవాళ్లు అటాచ్‌మెంట్ తెరవరు.

ఫైలు పేర్లు మీ జాబితాలోని పేర్లతో కలవాలి. "స్కాన్0047", "ఫైనల్ ఫైనల్ కొత్తది" లాంటి పేర్లతో పంపితే జాబితా రాసీ ప్రయోజనం లేదు. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్లన్నీ కలిపి 25 ఎంబీ దాటితే డ్రైవ్ లింకుగా మారిపోతాయి. లింకు పంపితే అది ఎప్పటిదాకా పనిచేస్తుందో, ఎవరికి తెరుచుకుంటుందో చూసుకుని రాయండి. పాస్‌వర్డ్ పెట్టిన ఫైలైతే ఆ పాస్‌వర్డ్ అదే మెయిల్‌లో పంపితే తాళం వేసి తాళంచెవి తలుపుకే వేలాడదీసినట్టు. ఫోనులోనో, మెసేజ్‌లోనో చెప్పండి.

ఒక చిన్న అలవాటు: ముందు అటాచ్ చేయండి, తరవాత రాయండి, అన్నీ చూసుకున్నాక చివర్లో చిరునామా నింపండి. పేరులో మొదటి మూడక్షరాలు కొట్టగానే మెయిల్ ఎవరినో తెచ్చి కూర్చోబెడుతుంది. మా ధరల పట్టిక ఒకసారి అలా ఇంకో కస్టమర్ దగ్గరికి పోయింది. ఇంతకంటే ఎక్కువ చెప్పను, ఇప్పటికీ తలుచుకుంటే ఇబ్బందిగా ఉంటుంది.

"వితౌట్ ప్రెజుడిస్" అన్న ముద్ర గురించి కూడా ఒక మాట. కొందరు బరువుగా ఉంటుందని ప్రతి లెటర్ పైనా అది కొట్టేస్తారు. గొడవను రాజీ చేసుకోవడానికి జరిపే ఉత్తరప్రత్యుత్తరాల్లో, అందులో ఒప్పుకున్న మాటలు తరవాత కోర్టులో తమ మీద వాడకుండా పెట్టుకునే రక్షణ అది. కొటేషన్ మీద, ఇన్‌వాయిస్ మీద దానికి పనేం లేదు. పైగా రేపు మీరే ఈ లెటర్‌ని సాక్ష్యంగా చూపించాల్సి వస్తే ఆ ముద్ర మీకే అడ్డం పడొచ్చు. మీ లీగల్ వాళ్లు చెబితేనే పెట్టండి.

మరి ప్రతి కాగితానికీ లెటర్ కావాలా? అక్కర్లేదు. ప్రతి నెలా అదే చోటికి అదే రకం ఇన్‌వాయిస్ వెళ్తుంటే, నంబర్లు, తేదీలు ఉన్న ఒక స్లిప్పు చాలు. నా కొలత ఇదీ: ఎదుటివాళ్లు ఏదైనా చేయాల్సి ఉన్నా, ఒరిజినల్ చేతులు మారుతున్నా, గడువు ఉన్నా, రేపు పేచీ వచ్చే అవకాశం ఉన్నా లెటర్ రాస్తాను. ఇవేవీ లేకపోతే స్లిప్పు.

పాత లెటర్‌ని కాపీ చేసి కొత్తది తయారు చేసుకోవడం తప్పు కాదు, అందరం చేసేదే. పేరు మార్చడం ఎవరూ మరిచిపోరు. మరిచిపోయేది సూచిక లైను, జత జాబితాలోని తేదీలు, "మీ ఇద్దరు ప్రతినిధులు" లాంటి వివరాలు. నేను ఖాళీ నమూనా ఒకటి పెట్టుకున్నాను, అందులో మారాల్సిన ప్రతి చోటా పసుపు రంగు పూసి ఉంటుంది. నింపినకొద్దీ రంగు తీసేస్తాను. ప్రింటు తీసేముందు ఎక్కడైనా పసుపు కనిపిస్తే పని మిగిలిందన్నట్టు.

పంపేటప్పుడు లెటర్ రెండు ప్రతులు తీయండి. చేతికి ఇచ్చే పనైతే రెండో దాని మీద అందిన ముద్ర, తేదీ, సంతకం తీసుకురమ్మని మనిషికి చెప్పండి. కొరియర్ అయితే ఆ రసీదును లెటర్ కాపీకే పిన్ చేయండి. పంపిన డాక్యుమెంట్ల నకళ్లు సరిగ్గా పంపిన రూపంలోనే ఆ లెటర్ వెనక ఫైల్లో ఉండాలి. కంప్యూటర్‌లో ఉన్న తాజా వెర్షన్ దానికి బదులు కాదు, అది రేపు మారిపోతుంది. మూడు రోజులైనా అటు నుంచి ఏ కబురూ రాకపోతే ఫోన్ చేయండి. "అందిందా అండీ" అంటే "ఆ, అందింది" అనేస్తారు, వాళ్లు ఇంకా కవరు విప్పి ఉండకపోవచ్చు. "జాబితాలో మూడున్నాయి, మూడూ అందాయా, ఒకసారి చూస్తారా" అని అడగండి. లైనులో ఉండగానే కవరు చింపుతున్న చప్పుడు చాలాసార్లు నాకు వినిపించింది.